క్రాకెన్ రోబోటిక్స్ షేరు: సరుకు గట్టిదే, ధరతోనే ఇబ్బంది

ముందే చెప్పేస్తాను. క్రాకెన్ అంటే సముద్రంలో తిరిగే మనుషుల్లేని వాహనాలకి బ్యాటరీలు, సోనార్లు (శబ్దంతో నీళ్ల అడుగును చూసే పరికరాలు) చేసే కెనడా కంపెనీ. ఈ కంపెనీ చేసే బ్యాటరీకి అయిదుకి నాలుగున్నర మార్కులు ఇస్తాను. సోనార్‌కి నాలుగు. వ్యాపారానికి మూడున్నర. 2025 ఆఖర్లో షేరు పలికిన ధరకి మాత్రం రెండు ఇవ్వడం కూడా కష్టమే. సరుకు మంచిదైతే షేరు కూడా మంచిదే అనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అందుకే ఈ మార్కుల్లో ఇంత తేడా ఎందుకొచ్చిందో కాస్త వివరంగా రాస్తున్నాను.

నా సంగతి కూడా తెలియాలి కదా. మాది కాకినాడ. కేజీ బేసిన్‌లో ఆయిల్ కంపెనీల కోసం సముద్రం అడుగును సర్వే చేసే ఓడల మీద డేటా ప్రాసెసింగ్‌తో ఉద్యోగం మొదలుపెట్టాను. ఇప్పుడు కెనడాలో, నోవా స్కోషియా ప్రావిన్సులో, హాలిఫాక్స్ హార్బర్‌కి అవతలి ఒడ్డున ఉన్న డార్ట్‌మత్‌లో ఉంటూ అదే పని చేస్తున్నాను. సోనార్ బొమ్మలు తెర మీద చూసుకుంటూ ఇది రాయి, ఇది పైపు, ఇది ఎవరో వదిలేసిన లంగరు అని గుర్తులు పెట్టడం నా పని. షేర్ల సలహాదారుని కాను. క్రాకెన్ షేర్లు నా దగ్గర కొన్ని ఉన్నాయి. ఆ సంగతి మనసులో పెట్టుకునే మిగతాది చదవండి. కింద డాలర్లు అని ఊరికే రాస్తే కెనడా డాలర్లని అర్థం. అంకెలు, ధరలు 2025 ఆఖరి నాటివి, ఆ ఏడాది మూడో త్రైమాసికం ఫలితాలు వచ్చాక చూసినవి.

క్రాకెన్ 2012లో న్యూఫౌండ్‌లాండ్‌లోని సెయింట్ జాన్స్‌లో పుట్టింది. పెట్టినాయన కార్ల్ కెన్నీ. న్యూఫౌండ్‌లాండ్ అంటే తరతరాలుగా కాడ్ చేపల మీద బతికిన ద్వీపం. 1992లో కెనడా ప్రభుత్వం కాడ్ వేటని నిలిపేశాక వేల కుటుంబాలకి పని పోయింది. ఆ తర్వాత సెయింట్ జాన్స్ సముద్రంలోని చమురు వైపు, సముద్రానికి కావలసిన యంత్రాల వైపు తిరిగింది. మెమోరియల్ యూనివర్సిటీ వారి మెరైన్ ఇన్‌స్టిట్యూట్ కూడా అక్కడే ఉంది కాబట్టి ఈ పని తెలిసిన కుర్రాళ్లకి కొదవ లేదు. 2015లో కంపెనీ టొరంటో వాళ్ల టీఎస్ఎక్స్ వెంచర్ ఎక్స్ఛేంజ్‌లో, అంటే చిన్న కంపెనీల షేర్ మార్కెట్లో, లిస్టయింది. గుర్తు పీఎన్‌జీ. అప్పట్లో పేరు క్రాకెన్ సోనార్, అమ్మిందీ సోనార్లే. ఇప్పుడు సీఈఓ గ్రెగ్ రీడ్.

సోనార్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నేను అందరికంటే బాగా తూకం వేయగలిగింది దాన్నే. మామూలు సైడ్ స్కాన్ సోనార్ రెండు పక్కలకీ శబ్దం పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనులతో బొమ్మ గీస్తుంది. దగ్గరున్నవి బాగానే కనిపిస్తాయి. దూరం పెరిగేకొద్దీ బొమ్మ అలికేసినట్టు అయిపోతుంది. అందుకని ఒకే చోటుని దగ్గర దగ్గర వరసల్లో మళ్లీ మళ్లీ తిరగాలి, ఓడ అద్దె పెరుగుతూ పోతుంది. సింథటిక్ అపర్చర్ సోనార్ అలా కాదు. వాహనం ముందుకు పోతుండగా ఒకదాని తర్వాత ఒకటి వచ్చిన ప్రతిధ్వనులన్నిటినీ లెక్కలతో కలిపి, అసలు ఉన్నదానికంటే ఎన్నో రెట్లు పొడవైన సోనార్ ఉన్నట్టుగా బొమ్మ తయారుచేస్తుంది. దూరంగా ఉన్న వస్తువు కూడా పక్కనే ఉన్నంత స్పష్టంగా వస్తుంది. క్రాకెన్ వారి అక్వాపిక్స్ 3 సెంటీమీటర్ల స్పష్టతతో చూపిస్తుంది. అడుగున పడున్నది పీపానా, మందుపాతరా అని తేల్చడానికి ఆ మాత్రం స్పష్టత కావాలి.

మరి అయిదుకి అయిదు ఎందుకు ఇవ్వలేదు? ఒకటి, ఈ సోనార్ పక్కలకే చూస్తుంది కాబట్టి వాహనానికి సరిగ్గా కింద ఉన్న పట్టీ ఖాళీగా మిగులుతుంది. దాన్ని పూడ్చడానికి వేరే సెన్సర్ కావాలి. రెండు, ఈ తరహా సోనార్ చేసేది క్రాకెన్ ఒక్కటే కాదు. నార్వేలో కాంగ్స్‌బర్గ్, ఫ్రాన్స్‌లో థేల్స్, ఎగ్జైల్ ఉన్నాయి. అందరూ నేవీల దగ్గర ఎప్పటినుంచో పాతుకుపోయినవాళ్లే. క్రాకెన్ గట్టి పోటీదారు, అంతవరకూ నిజం. ఈ పనిలో తనే మొనగాడు అని చెప్పే వీడియోలు చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఇదే సోనార్‌ని ఒక చిన్న రెక్కల వాహనంలో పెట్టి ఓడ వెనక తాడుతో లాగించే పరికరం పేరు క్యాట్‌ఫిష్. 10 నాట్ల వేగం దాకా లాగొచ్చు. మేం మామూలు సైడ్ స్కాన్‌తో అందులో సగం కూడా పోలేం, పోతే బొమ్మ పాడవుతుంది. డెన్మార్క్ నేవీ మందుపాతరల వేట కోసం 2020లో 3.6 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. పోలండ్ నేవీ తన కొర్మొరాన్ తరగతి ఓడలకి తీసుకుంది. 2022లో కెనడా నేవీ 5 కోట్ల డాలర్లకి పైబడిన పని అప్పగించింది. చిన్న కంపెనీకి ఇవి మాటలు కాదు. సొంత దేశపు నేవీ కొనకపోతే పరాయి దేశాలవాళ్లు కొనడానికి వెనకాడతారు, ఆ గండం ఇది దాటేసింది.

అయితే నా డబ్బు పెట్టింది వీటిని చూసి కాదు, బ్యాటరీని చూసి.

నీళ్లలో 10 మీటర్లు దిగేకొద్దీ ఒక వాతావరణం బరువు మీద పడుతుంది. 6,000 మీటర్ల లోతులో దాదాపు 600 వాతావరణాల ఒత్తిడి. మామూలు లిథియం బ్యాటరీని ఆ లోతుకి తీసుకెళ్లాలంటే దళసరి టైటానియం డబ్బాలోనో, మరో గట్టి పెట్టెలోనో బిగించాలి. ఆ పెట్టెకి బరువు, ఖర్చు. వాహనంలో చోటు దానికే పోతుంది. పైగా పెట్టెకి ఎక్కడైనా సీలు పోయిందంటే లోపలున్నదంతా గోవిందా. క్రాకెన్ వాళ్ల సీపవర్ బ్యాటరీలో ఆ పెట్టె లేదు. లిథియం పాలిమర్ సెల్స్‌ని సిలికాన్‌లో పోతపోసి ముంచేస్తారు. లోపల గాలి ఖాళీ ఉండదు కాబట్టి ఒత్తిడికి నలిగేది ఏమీ ఉండదు, నీటి ఒత్తిడి అన్ని వైపుల నుంచీ సమానంగా పడుతుంది. 6,000 మీటర్ల దాకా అలాగే దించేయొచ్చు. పెట్టె బరువు తప్పింది కాబట్టి అదే వాహనంలో ఎక్కువ బ్యాటరీ పడుతుంది, ఎక్కువ సేపు నీళ్లలో ఉంటుంది. ఇది జర్మనీలోని రాస్టాక్‌లో ఒక చిన్న కంపెనీ దగ్గర పుట్టిన విద్య. క్రాకెన్ దాన్ని కొనుక్కుని తన పేరు పెట్టుకుంది. ఇన్నేళ్లలో వాళ్లు చేసిన తెలివైన పని అదే అని నా అభిప్రాయం.

ఎక్కువ సేపు నీళ్లలో ఉండటం ఎంత పెద్ద విషయమో ఓడ మీద పనిచేసినవాళ్లకి తెలుస్తుంది. ఒకసారి మేం వాడిన ఏయూవీ, అంటే నీళ్లలో తనంతట తనే తిరిగే మనిషి లేని వాహనం (వేరే కంపెనీది, పేరు అనవసరం), నీళ్లలో ఉన్నంత సేపు కంటే డెక్ మీద చార్జింగ్‌లో ఉన్న సేపే ఎక్కువ. ఓడకి రోజుకి లక్షల్లో అద్దె. ఏయూవీ చార్జింగ్‌లో ఉంటే మేం టీలు తాగుతూ వాతావరణం చూసుకుంటూ కూర్చునేవాళ్లం. క్లయింట్ తరఫు మనిషి మాత్రం గడియారం చూసుకుంటూ డెక్ మీద పచార్లు చేసేవాడు. సర్వేలోనే ఇంత టెన్షన్ అయితే, శత్రువు తీరానికి దగ్గరగా వారాల తరబడి ఒంటరిగా తిరగాల్సిన నేవీ వాహనానికి ఆ గంటల విలువ ఎంతో ఊహించుకోవచ్చు.

ఈ కంపెనీ గురించి ఎక్కడో విని మా బాబాయి కాకినాడ నుంచి ఫోన్ చేశారు. ఆయన రిటైరయ్యాక పొద్దున్న తొమ్మిదింపావు నుంచి మార్కెట్ ముందు కూర్చుంటారు.

"ఏంటమ్మా, ఆ క్రాకెన్ ఏదో మీ ఊరి కంపెనీయేనటగా. యూట్యూబ్‌లో ఒకాయన పదింతలవుద్దంటున్నాడు. కొనొచ్చా?"

"మా ప్రావిన్సులో ఫ్యాక్టరీ పెడుతున్నారు బాబాయ్, కంపెనీ మాత్రం పక్కదానిది. మీరేం చూసి కొంటానంటున్నారు?"

"డ్రోన్లు చేస్తదంటగా. ఇకమీదట యుద్ధాలన్నీ డ్రోన్లతోనే గదా."

"డ్రోన్లు వేరేవాళ్లు చేస్తారు. అందులో పెట్టే బ్యాటరీ, సోనారూ వీళ్లు చేస్తారు."

"అయితే మరీ మంచిది గదమ్మా! ఎవడి డ్రోను అమ్ముడైనా వీళ్లకి డబ్బులే."

బాబాయి మాటలో సగం నిజం ఉంది. మా వైపు వేట సీజన్‌లో ఏ బోటుకి చేపలు పడతాయో ఎవరూ చెప్పలేరు కానీ, ఐస్ ఫ్యాక్టరీవాడు మాత్రం అన్ని బోట్లకీ ఐస్ అమ్ముకుంటాడు. క్రాకెన్ ఆ ఐస్ ఫ్యాక్టరీ లాంటిదే. మిగతా సగం ఏమిటంటే, రేవులో సగం బోట్లు ఒకే షావుకారివి అయితే ఐస్ ధర ఫ్యాక్టరీవాడు చెప్పడు, షావుకారు చెబుతాడు. ఆయనకి చిరాకొస్తే సొంతంగా ఐస్ ఫ్యాక్టరీ పెట్టుకుంటాడు.

ఇక్కడ ఆ షావుకారు ఎవరో చూద్దాం. అమెరికాలో ఆండ్యురిల్ అనే రక్షణ కంపెనీ 2022లో డైవ్ టెక్నాలజీస్‌ని కొనేసింది. ఆ డైవ్ వాళ్ల పెద్ద ఏయూవీకి క్రాకెన్ సోనార్, బ్యాటరీలు అంతకు ముందే కుదిరాయి. ఆండ్యురిల్ రోడ్ ఐలాండ్‌లో ఏడాదికి 200 వాహనాల దాకా చేయగల ఫ్యాక్టరీ పెడతామని 2024లో ప్రకటించింది. ఆస్ట్రేలియా నేవీ కోసం అదే కంపెనీ చేసిన ఘోస్ట్ షార్క్ అనే భారీ జలాంతర వాహనాలకి 2025 సెప్టెంబర్‌లో ఆస్ట్రేలియా ప్రభుత్వం 170 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల ఒప్పందం ఇచ్చింది. ఆ వార్తను క్రాకెన్ షేరుతో ముడిపెట్టి చూసేవాళ్లు చాలామంది. కానీ క్రాకెన్ బ్యాటరీ ఆర్డర్లు వచ్చినప్పుడు ఇచ్చే ప్రకటనల్లో కొన్నవాడి పేరు తరచుగా ఉండదు. రక్షణ వ్యాపారంలో అది మామూలే, తప్పు పట్టను. కాకపోతే మనం ఎవరి మీద ఆధారపడి డబ్బు పెడుతున్నామో ప్రకటన చదివి తెలుసుకోలేం. అందుకే ఏడాది చివర వచ్చే ఆడిట్ లెక్కల్లో వెనక పేజీలు చదవండి. అమ్మకాల్లో 10 శాతం దాటిన కస్టమర్లు ఎంతమంది, వాళ్ల వాటా ఎంత అన్నది పేరు చెప్పకపోయినా రాసి తీరాలి. యూట్యూబ్‌లో దొరికే గంట వీడియో కంటే ఆ నాలుగు లైన్లు నయం.

గిరాకీ ఎందుకు పెరిగిందో చెప్పడానికి పెద్దగా శ్రమ అక్కర్లేదు. 2022 సెప్టెంబర్‌లో బాల్టిక్ సముద్రంలో నార్డ్ స్ట్రీమ్ పైపులు పేలాయి. 2024 క్రిస్మస్ రోజున ఫిన్లాండ్, ఎస్టోనియాల మధ్య ఎస్ట్‌లింక్ 2 కరెంటు కేబుల్ తెగింది. వెంటనే 2025 జనవరిలో నాటో బాల్టిక్ సెంట్రీ పేరుతో కాపలా మొదలుపెట్టింది. నల్ల సముద్రంలో యుక్రెయిన్ మనుషులు లేని బోట్లతో రష్యా నౌకాదళాన్ని వెనక్కి నెట్టింది. సముద్రం అడుగున ఏముందో రోజూ చూసుకోవాల్సిన అవసరం ఇన్నాళ్లూ ఆయిల్ కంపెనీలకే ఉండేది, ఇప్పుడు ప్రభుత్వాలకీ వచ్చింది. అమెరికా 2025 జూలైలో చేసిన పెద్ద బడ్జెట్ చట్టంలో జలాంతర డ్రోన్ల ఉత్పత్తి పెంచడానికే 130 కోట్ల అమెరికా డాలర్లు పెట్టింది. కెనడా ప్రధాని కార్నీ ఆ జూన్‌లోనే రక్షణ ఖర్చును అదే ఆర్థిక సంవత్సరంలో జీడీపీలో 2 శాతానికి చేరుస్తామన్నారు. కాబట్టి గిరాకీ మీద నాకు అనుమానం లేదు.

అనుమానమంతా నేవీలు డబ్బు ఎప్పుడు విదిలిస్తాయన్న దాని మీదే. అమెరికా నేవీ బోయింగ్‌కి ఇచ్చిన ఓర్కా అనే పెద్ద జలాంతర వాహనం సంగతి చూడండి. 2022లో వాళ్ల ప్రభుత్వ తనిఖీ సంస్థ ఇచ్చిన నివేదిక ప్రకారం అనుకున్న ఖర్చు కంటే కనీసం 24.2 కోట్ల అమెరికా డాలర్లు, అంటే 64 శాతం ఎక్కువైంది, కనీసం మూడేళ్లు ఆలస్యమైంది. స్నేక్‌హెడ్ అని మరొకటి ఉండేది, దాన్ని నేవీ మధ్యలోనే వదిలేసింది. వాహనం ఆగితే అందులోకి బ్యాటరీలు పంపేవాడి సరుకు కూడా గోడౌన్‌లోనే ఉంటుంది. ఆండ్యురిల్ లాంటి కొత్త కంపెనీలు పాతవాళ్లకంటే వేగంగా చేస్తున్నమాట నిజమే కానీ, చివరికి చెక్కు రాసేది అదే నేవీ.

ఇక లెక్కలు. 2022లో అమ్మకాలు 4.09 కోట్ల డాలర్లు. 2023లో 6.96 కోట్లు. 2024లో 9.13 కోట్లు. రెండేళ్లలో రెట్టింపు దాటింది. 2024లో వడ్డీ, పన్ను, తరుగుదల లాంటివి తీయకముందు, కంపెనీ తన పద్ధతిలో సర్దిన లాభం 2.07 కోట్లు. అంటే వంద డాలర్ల అమ్మకంలో 22, 23 డాలర్లు మిగులుతున్నాయి. ఇంత చిన్న తయారీ కంపెనీకి ఇది చక్కని అంకె. చాలా డ్రోన్ కంపెనీలు లాభం అన్నమాట ఇంకా ఎత్తనే లేదు.

2025కి కంపెనీ ఇచ్చిన అంచనా 12 నుంచి 13.5 కోట్ల అమ్మకాలు, 2.6 నుంచి 3.4 కోట్ల సర్దిన లాభం. ఇక్కడ ఆగి కూడికలు చేద్దాం. మొదటి త్రైమాసికంలో అమ్మకాలు 1.61 కోట్లు, అంతకు ముందు ఏడాది అదే మూడు నెలల్లో వచ్చిన 2.09 కోట్ల కంటే తక్కువ. రెండోదాంట్లో 2.64. మూడోదాంట్లో 3.13. మొత్తం 7.38 కోట్లు. అంచనాలో కింది అంకె 12కి చేరాలన్నా ఆఖరి మూడు నెలల్లో 4.62 కోట్లు రావాలి. 2024 ఆఖరి త్రైమాసికంలో వచ్చింది 2.8 కోట్లు. అసాధ్యం అనను. ఈ వ్యాపారంలో సరుకు పంపిన రోజే అంకె మారుతుంది, డిసెంబర్ 28న పంపితే ఈ ఏడాది లెక్క, జనవరి 5న పంపితే వచ్చే ఏడాది లెక్క. కంపెనీకి రెండూ ఒకటే, షేరుకి కాదు. మూడు నెలలకోసారి గుండె దడ పడేవాళ్లు ఈ షేరు జోలికి పోకండి.

అమ్మకాల్లో సర్వీసుల భాగం కూడా ఉంది. 2021లో పాన్‌జియో సబ్‌సీ అనే కంపెనీని కొన్నారు. సముద్రపు అడుగు కింద కొన్ని మీటర్ల లోతున పూడి ఉన్న కేబుళ్లను, బండరాళ్లను చూపించే యంత్రాలు వాళ్లవి. గాలిమరలు నాటే ముందు కింద రాళ్లున్నాయా అని చూడటానికి బాగా పనికొస్తాయి. 2025లో 3డీ ఎట్ డెప్త్ అనే మరో కంపెనీని 1.7 కోట్ల అమెరికా డాలర్లకి కొన్నారు, వాళ్లది నీళ్లలో లేజర్‌తో కొలిచే విద్య. పని పరంగా ఇవి నాకు ఇష్టమైనవి. మదుపు పరంగా పెద్ద ఉత్సాహం లేదు. అమెరికాలో 2025 జనవరిలో ట్రంప్ వచ్చీరాగానే సముద్రంలో గాలిమరలకి కొత్త లీజులు ఆపేశారు. యూరప్‌లో పని ఉంది కాబట్టి బండి నడుస్తుంది. పైగా సర్వీసు అంటే మనుషులు, ఓడలు, వాతావరణం. బ్యాటరీలాగా ఫ్యాక్టరీ పెంచితే పెరిగేది కాదు.

ఫ్యాక్టరీ అన్నాను కాబట్టి, నోవా స్కోషియాలో కొత్త బ్యాటరీ ఫ్యాక్టరీ కోసం, ఇతర అవసరాల కోసం కంపెనీకి డబ్బు కావాలి. 2025 జూలైలో కొత్త షేర్లు అమ్మి 11.5 కోట్ల డాలర్లు తెచ్చుకున్నారు. అంతకు ముందూ ఇలా తెచ్చుకున్నారు. అప్పు చేయకుండా షేరు బాగున్నప్పుడే డబ్బు తెచ్చుకోవడం యాజమాన్యం వైపు నుంచి చూస్తే తెలివైన పని. మన వైపు నుంచి చూస్తే ప్రతిసారీ మన వాటా కాస్త పలచబడుతుంది. మొత్తం షేర్లు 2025 ఆఖరికి 30 కోట్లు దాటాయి. డివిడెండ్ ఊసే లేదు, ఈ దశలో ఉండకూడదు కూడా.

ఈ ఫ్యాక్టరీ గురించి పొగడాల్సిందొకటుంది. ఇన్నాళ్లూ బ్యాటరీలన్నీ రాస్టాక్ నుంచే రావాలి. ఉత్తర అమెరికాలో పెద్ద కస్టమర్ని పెట్టుకుని సరుకు మొత్తం జర్మనీలో చేస్తే రవాణా ఒక తలనొప్పి, లిథియం బ్యాటరీల రవాణాకి ఉండే నిబంధనలు మరో తలనొప్పి. ఇక్కడైతే హాలిఫాక్స్ నేవీ స్థావరం పక్కనే, కోవ్ అనే సముద్ర సాంకేతిక కేంద్రం డార్ట్‌మత్ ఒడ్డునే. కొత్త సెన్సర్ చేసినవాడు నీళ్లలో పరీక్షించుకోవాలంటే జెట్టీ దాకా నడిచి వెళ్తే చాలు. ఇలాంటి చోట మనుషుల్ని వెతుక్కోవడం తేలిక. మా ఆఫీసు నుంచి కూడా కుర్రాళ్లు ఇలాంటి కంపెనీలకి పోతున్నారు, మా మేనేజర్‌కి అదో బాధ.

ఇప్పుడు ధర. 2023లో ఈ షేరు డాలర్ లోపే తిరిగింది. 2025 శరదృతువులో 5 డాలర్లు దాటింది. తేలిక లెక్క కోసం 5 డాలర్లు, 30 కోట్ల షేర్లు అనుకుందాం. కంపెనీ మొత్తం విలువ 150 కోట్లు. 2025 అంచనా అమ్మకాల మధ్య అంకె 12.75 కోట్లు. అంటే అమ్మకాలకి దాదాపు పన్నెండింతలు. సర్దిన లాభం 3 కోట్లు అనుకుంటే దానికి యాభై ఇంతలు. ఏడాదికి 30, 40 శాతం చొప్పున వరసగా కొన్నేళ్లు పెరుగుతుంది, మధ్యలో ఏ ఒప్పందమూ జారిపోదు, పెద్ద కస్టమర్ ఎక్కడికీ పోడు, మార్జిన్ తగ్గదు, ఇవన్నీ జరుగుతాయని నమ్మితేనే ఈ ధర. నాలుగూ జరగొచ్చు. కానీ నాలుగూ జరిగితే నాకొచ్చేది మామూలు లాభం, ఒక్కటి తప్పినా పోయేది సగం. ఈ బేరం నాకు నచ్చలేదు.

"మరి మన దగ్గర ఇలాంటి కంపెనీ లేదా?" అన్నది బాబాయి రెండో ప్రశ్న. జలాంతర ఆయుధాల పరిశోధనకి విశాఖలో ఎన్ఎస్‌టీఎల్ అనే ప్రభుత్వ ప్రయోగశాల ఉంది, వరుణాస్త్ర టార్పెడోని రూపొందించింది వాళ్లే. దాన్ని తయారు చేసేది భారత్ డైనమిక్స్, విశాఖ యూనిట్లో. కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్ 2023 జూలైలో నీరాక్షి అనే ఏయూవీని చూపించింది. భారత్ డైనమిక్స్, గార్డెన్ రీచ్ లిస్టయిన కంపెనీలే. కానీ నీరాక్షి ఫొటో చూసి గార్డెన్ రీచ్ షేరు కొంటే మీరు కొన్నది యుద్ధనౌకలు కట్టే షిప్‌యార్డును. దాని లాభం నౌకల ఆర్డర్ల మీదే ఆడుతుంది. భారత్ డైనమిక్స్ అయితే క్షిపణుల కంపెనీ. అవి మంచివా చెడ్డవా అన్నది వేరే రివ్యూ. మానవరహిత వాహనాల మీదే ప్రధానంగా బతికే సముద్ర పరికరాల కంపెనీ కావాలంటే మాత్రం అవి కావు. బాబాయి దీనికి "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ"కి అర్థం ఆల్రెడీ కొనేశారని.

ఇండియా నుంచి క్రాకెన్ కొనాలనుకునేవాళ్లకి ఒక మాట. మన యాప్‌లలో విదేశీ షేర్లంటే ఎక్కువగా అమెరికా పెద్ద ఎక్స్ఛేంజీలవే. 2025లో క్రాకెన్ కెనడా వెంచర్ ఎక్స్ఛేంజ్‌లోనూ, అమెరికాలో ఓటీసీ మార్కెట్‌లోనూ (పెద్ద ఎక్స్ఛేంజీల బయట జరిగే అమ్మకాలు) దొరికేది. అందువల్ల చాలామందికి అసలు కనిపించేది కాదు. కష్టపడి విదేశీ బ్రోకర్ ద్వారా కొన్నా బ్యాంకు చార్జీలు, రెండుసార్లు కరెన్సీ మార్పిడి, పన్ను రిటర్న్‌లో విదేశీ ఆస్తుల వివరాలు రాయడం, ఇన్ని ఉన్నాయి. చిన్న మొత్తానికి ఈ తిప్పలు దండగ.

కెనడాలో ఉన్న మనవాళ్లు చాలామంది ఇలాంటివి టీఎఫ్ఎస్ఏ ఖాతాలో కొంటారు, లాభం మీద పన్ను ఉండదని. నేనూ అక్కడే కొన్నాను. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. అందులో నష్టం వస్తే ఆ నష్టాన్ని పన్నులో ఎక్కడా చూపించుకోలేరు, ఆ మేరకు ఖాతాలో చోటు కూడా తిరిగి రాదు. 2025కి ఇచ్చిన కొత్త పరిమితే 7,000 డాలర్లు. ఆ మొత్తాన్నీ ఇలాంటి ఒక్క షేరులో పెట్టి రాత్రిళ్లు ఫోన్ చూసుకునేవాళ్లని నేను ఎరుగుదును. టీఎస్ఎక్స్ వెంచర్ షేర్లు ఒక్క ఫలితానికి పదిహేను, ఇరవై శాతం పడటం కొత్తేమీ కాదు.

యాజమాన్యం మాటతీరు గురించి కూడా చెప్పాలి, రివ్యూ అన్నాక. ఫలితాల తర్వాత పెట్టే కాల్స్ వింటుంటాను. ప్రశ్న అడిగితే సూటిగా చెబుతారు, ఆకాశానికి నిచ్చెనలు వేయరు. బ్యాటరీ ఎన్ని వోల్టులు, ఎన్ని మాడ్యూళ్లు అని ఇంజనీర్ల భాషే మాట్లాడతారు. అది నాకు హాయిగా ఉంటుంది. నచ్చనిదల్లా ఆర్డర్ ప్రకటనలే. ఎవరికి, ఎప్పటిలోగా, ఏ ధరకి అన్న మూడింటిలో రెండు చెప్పకుండా మొత్తం అంకె ఒక్కటే పెద్ద అక్షరాలతో వేస్తారు. ఆ అంకెలు ఒకదాని మీద ఒకటి కలిపేసి వచ్చే ఏడాది అమ్మకాలు ఇంత అని లెక్కలు కట్టే అభిమానులు తయారయ్యారు. పంపిణీ ఒక ఏడాదా, రెండేళ్లా అన్నది తెలియకుండా ఆ కూడికకి విలువ లేదు.

నా వరకు నేను చూసేది మూడే. 2025 ఆఖరి త్రైమాసికంలో ఆ 4.62 కోట్లు వచ్చాయా. అతిపెద్ద కస్టమర్ వాటా తగ్గుతోందా, పెరుగుతోందా. కొత్త ఫ్యాక్టరీ నుంచి సరుకు బయటికి వస్తున్నప్పుడు గోడౌన్‌లో నిల్వ అమ్మకాలకంటే వేగంగా పెరుగుతోందా. మూడోది చాలామంది చూడరు. బ్యాటరీ సెల్స్ ముందే కొని పెట్టుకోవాలి, కస్టమర్ వాహనం ఆలస్యమైతే నిల్వే మొదట చెబుతుంది, అమ్మకాల అంకె ఆరు నెలల తర్వాత చెబుతుంది.

ధర సంగతికొస్తే, ఇలాంటి కంపెనీకి అమ్మకాలకి ఆరేడింతలు ఇవ్వడం నాకు సబబుగా తోస్తుంది. 2025 అంచనా మధ్య అంకెతో చూస్తే షేరుకి 2.55 నుంచి 2.98 డాలర్లు. 2026లో అమ్మకాలు 18 కోట్లకి చేరాయనుకుంటే, అదీ కొత్త షేర్లు జారీ చేయకపోతే, అదే లెక్క 3.60 నుంచి 4.20కి వస్తుంది. ఉన్న షేర్లు ఉంచుతున్నాను. ఆ ధరల దగ్గరికి దిగేదాకా కొత్తవి కొనను.